మత్తు మానేవాళ్లకు వంట నేర్పడం చికిత్సా, కాలక్షేపమా?

తొలిపొద్దు: మా అబ్బాయిని తాగుడు మాన్పించే సెంటర్‌లో చేర్చాం. వారంలో మూడు పూటలు వంట, పోషకాహారం క్లాసులే. కౌన్సెలింగ్ ఒక్క పూట! పైగా చేతికి కత్తి ఇస్తున్నారు. ఇందుకా పంపింది?

మళ్లీమొదలు: నేను మానేసి నాలుగేళ్లు. కాలక్షేపం కాదమ్మా. ఆల్కహాల్ గ్రాముకు 7 కేలరీలు ఇస్తుంది, విటమిన్లు ఇవ్వదు. తిన్న దాంట్లోని బి1 విటమిన్ కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. అది బాగా తగ్గితే నడక తూలుతుంది, చూపు చెదురుతుంది, మతి తప్పుతుంది. ఆ దశలో ఇంజెక్షనే దిక్కు, వంట క్లాసు కాదు. కానీ ఆ తర్వాత? కొత్తలో నాకు ఆకలేస్తే అది ఆకలని తెలిసేది కాదు, తాగాలనిపించేది.

తొలిపొద్దు: కత్తి సంగతి చెప్పలేదు.

గట్టుమీద: నేను పనిచేసిన ఇలాంటి సెంటర్‌లో కత్తులు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకునేవాళ్లం అండీ. నాకు ఎసెన్స్ సీసాలతోనే టెన్షన్. వెనిలా ఎక్స్‌ట్రాక్ట్‌లో 35 శాతం ఆల్కహాల్ ఉండేవి ఉన్నాయి.

తొలిపొద్దు: లెక్కపెడితే చెయ్యి కోసుకోకుండా ఆగుతారా?

మళ్లీమొదలు: మళ్లీ కత్తేనా! చేతులు వణుకుతుంటే నా మొదటి ఉల్లిపాయ తరగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్కో ముక్క ఒక్కో సైజు. ఆ ఇరవై నిమిషాలూ తాగుడు గుర్తు రాలేదు. మీకది చిన్న విషయమా?

తొలిపొద్దు: అయితే ఇన్నేళ్లు నేను వండిపెట్టింది దండగేగా? చేర్చిన రోజు అక్కడి డైటీషియన్ "ఇంట్లో ఏం పెట్టేవారు?" అని నన్ను నిలదీసింది. వాడొచ్చేదాకా కంచం మీద మూత పెట్టి అర్ధరాత్రి వరకు కూర్చున్నదాన్ని నేను.

చినుకు: ఆ మాట అలా అడగకూడదు. తప్పే.

మళ్లీమొదలు: క్షమించండమ్మా, అసలు బాధ ఇదని నాకు తట్టలేదు. మా అమ్మా అలాగే కూర్చునేది. ఆవిడ ఊరెళ్లిన మూడో రోజే మళ్లీ తాగాను.

తొలిపొద్దు: అదీ ఆవిడ తప్పేనా?

మళ్లీమొదలు: కాదు. గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా అప్పట్లో నాకు వచ్చేది కాదు. రెండు రోజులు ఏమీ తినలేదు. అమ్మ లేకపోయినా నేను తినగలగాలి, నేనడిగేది అదే.

గట్టుమీద: కౌన్సెలింగ్ ఒక్క పూట మాత్రం చాలదు. తొలిపొద్దు గారు అన్నది నిజమే.

తొలిపొద్దు: ఆదివారం కలవనిస్తారు. ఈసారి ఇంటినుంచి ఏమీ తీసుకెళ్లను, వాడు వండింది తింటాను. కౌన్సెలింగ్ పెంచమని మాత్రం అడిగే వస్తాను.