తమ్ముడి కేసులో ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికి వస్తారట, ఏం చెప్పాలి?

తెనాలి అక్క:
2023 వినాయక నిమజ్జనంలో డీజే దగ్గర గొడవైంది. మా తమ్ముడు పక్క వీధి అబ్బాయిని కర్రతో కొట్టాడు. నెత్తిన నాలుగు కుట్లు పడ్డాయి. ఐపీసీ 324 (ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం) కేసు. మొన్న నేరం రుజువైందన్నారు. శిక్ష సంగతి తేల్చేముందు, జైలు బదులు షరతుల మీద విడిచిపెట్టడం (ప్రొబేషన్) కుదురుతుందా అని జడ్జి గారు ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు అడిగారు. వాడికింకా 21 నిండలేదు, ఇదే మొదటి కేసు. గురువారం ఆ సారు ఇంటికి వస్తారట. నాన్న లేరు, అమ్మకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెప్పాలి? డబ్బులిస్తే రిపోర్టు బాగా రాయిస్తానని ఒకతను తిరుగుతున్నాడు.

నరసరావుపేట తమ్ముడు:
అక్కా, ఆ మనిషిని ఇంటి ఛాయలకు రానివ్వకండి. 2016లో ఒక కొట్లాట కేసులో నాకు రెండేళ్ల ప్రొబేషన్ ఇచ్చారు. అప్పుడు టెంట్‌హౌస్‌లో పని. ఆఫీసర్ గారు మా ఇంట్లో కూర్చున్నది పది నిమిషాలే. మా అమ్మ "మావాడు చీమకైనా హాని చెయ్యడు సార్" అంటుంటే ఆయన తలెత్తకుండా రాసుకుంటున్నారు. నేనే అడ్డుపడి, కొట్టింది నేనే సార్ అన్నాను. పెన్ను పక్కన పెట్టి అప్పుడు నాతో మాట్లాడారు. తర్వాత కిరాణా కొట్టు, మా ఓనర్, అందరి దగ్గరికీ వెళ్లారు. ఎన్నింటికి వస్తాడు, తాగుతాడా, జీతం ఇంట్లో ఇస్తాడా, ఇవీ ప్రశ్నలు.

నెలనెలా మొదటి సోమవారం వెళ్లి సంతకం పెట్టాలి. ఒకసారి పెళ్లి సామానుతో గుంటూరు వెళ్లి తప్పాను, ఫోన్ కూడా చెయ్యలేదు. బుధవారం ఆయనే టెంట్‌హౌస్‌కి వచ్చారు. "షరతు తప్పావని నేను కోర్టుకు రాస్తే, పాత నేరానికి ఇప్పుడు శిక్ష వేస్తారురా" అన్నారు. కేకలు వెయ్యలేదు. షామియానా తాడు పట్టుకున్న నా చేతులు మాత్రం వణికాయి. ఆ రోజు నుంచి అమ్మ క్యాలెండర్‌లో ఆ సోమవారాలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది.

ఒంగోలు అడ్వకేట్:
ఒప్పుకోవడం మంచిదే, కానీ అప్పీలుకు వెళ్లే ఆలోచన ఉంటే ముందు మీ లాయర్‌తో మాట్లాడండి. 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 6 ప్రకారం 21 లోపు వాళ్లను జైలుకు పంపాలంటే జడ్జి గారు కారణాలు రాయాలి. వయసు చూసేది శిక్ష వేసే నాటికి. అందుకే పదో తరగతి సర్టిఫికెట్ ఇప్పుడే కోర్టులో పెట్టించండి, వాయిదాలు అడగొద్దు. బుద్ధిగా ఉంటానని కోర్టుకు రాసిచ్చే బాండు 3 ఏళ్లు దాటదు. ఆఫీసర్ పర్యవేక్షణ పెడితే అది ఏడాదికి తగ్గదు. దెబ్బ తిన్న అబ్బాయికి నష్టపరిహారం కట్టమని కూడా అనొచ్చు, కొంత సర్దుకుని ఉంచండి.

తెనాలి అక్క:
వాడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడండీ. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

ఒంగోలు అడ్వకేట్:
చదవనివ్వండమ్మా. ప్రొబేషన్ మీద విడిచిపెడితే, నేరం రుజువైతే చట్టం పెట్టే అనర్హత ఆ ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 వల్ల అంటదు. అయితే రుజువైన సంగతి చెరిగిపోదు, అతని ప్రవర్తన చూసి శాఖ కాదనవచ్చు. ఉద్యోగంలో చేరేటప్పుడు పాత కేసుల వివరాలు అడిగే అటెస్టేషన్ ఫారంలో మాత్రం దాచొద్దు. దాచారని తేలితే వచ్చిన ఉద్యోగం కూడా పోవచ్చు.

నరసరావుపేట తమ్ముడు:
గురువారం వాణ్ణి ఇంట్లోనే ఉండమనండి. కోచింగ్ ఫీజు రసీదులుంటే చేతికి అందేలా పెట్టుకోండి. అమ్మగారిని పక్కనే కూర్చోబెట్టండి గానీ, జవాబులు వాణ్ణే చెప్పనివ్వండి.