అప్‌డేట్: నాన్న ‘ఊవే’ పూర్తి చేశారు

అమ్మ పోయాక అందరి మీదా విసుక్కుంటున్న మా నాన్నకి, నీతులు చెప్పకుండా మనసుకి హాయినిచ్చే నవల ఏదైనా చెప్పమని పోయిన నెల అడిగాను కదా. ఎక్కువమంది ఫ్రెడ్రిక్ బాక్‌మన్ రాసిన ‘ఎ మ్యాన్ కాల్డ్ ఊవే’ అన్నారు. 2012లో స్వీడిష్‌లో వచ్చింది. ఊవేకి 59 ఏళ్లు, భార్య పోయింది, తనూ పోదామని పదేపదే ప్రయత్నిస్తాడు. ఆ సంగతి ముందే హెచ్చరించినవాళ్లకి థాంక్స్. నేను ముందు చదివి, నాన్నకి విషయం చెప్పే ఇచ్చాను.

మూడు రోజులు సీతమ్మధారలో మా బాల్కనీలో పేపర్ల కింద పడి ఉంది. నాలుగో రోజు లోపల్నుంచి నవ్వు. “వీడెవడమ్మా, సాబ్ కారు కొననివాణ్ణి మనిషిగానే చూడడు!” (సాబ్ అంటే ఊవే నడిపే స్వీడన్ కారు.) నాన్న తన పాత చేతక్ స్కూటర్ సంగతి మర్చిపోయారు కాబోలు. ఊవే పొద్దున్నే కాలనీ అంతా తనిఖీ చేసే పేజీలో బస్ టికెట్ గుర్తుగా పెట్టుకున్నారు. మా సెల్లార్‌లో అడ్డంగా పెట్టిన బళ్ల నంబర్లు రాసుకునే మనిషి మరి!

అందరూ ఏడిచామన్న చివరి పేజీలకి ఏమీ అనలేదు. ఊవే భార్య సమాధి దగ్గర కబుర్లు చెప్పేచోట మాత్రం పుస్తకం మూసి, చీకటి పడేదాకా డాబా మీదే కూర్చున్నారు. నేను పిలవలేదు.

నవలలో ఊవే పక్కింటావిడ పర్వానే చొరవ మాత్రం నాన్నకి నచ్చలేదు. “అడక్కుండా ఇంట్లోకి వచ్చేస్తే ఎలా?”

నిన్న ఆర్కే బీచ్‌లో నడుస్తూ ఇలాంటిదే ఇంకోటి కావాలన్నారు. చెప్పండి. ఇందులోలా పిల్లి మాత్రం ఉండకూడదట.