అరెస్టయిన రోగి విషయంలో డాక్టరూ లాయరూ కలిసి పనిచేయాలా, ఎవరి గదిలో వారు ఉండాలా?

గాజువాక అక్క

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. పదకొండేళ్లుగా నగరంలోనే చూపిస్తున్నాం. కిందటి ఏడాది రెండు నెలలు మాత్రలు మానేశాడు. ఒక సాయంత్రం సెల్‌ఫోన్ల దుకాణంలోకి వెళ్లి, లోపలివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని అద్దం పగలగొట్టాడు. ఆపబోయిన యజమానిని తోస్తే ఆయన చేయి విరిగింది. కేసు పెట్టడం తప్పని నేను అనను. నా బాధంతా ఆ తర్వాత జరిగిన దాని గురించి.

మేము పెట్టుకున్న లాయరు జబ్బు సంగతి ఎత్తనే వద్దన్నారు. "పిచ్చి అని రాస్తే బెయిలు రాదమ్మా" అన్నారు. డాక్టరు గారిని సర్టిఫికెట్ అడిగితే "కోర్టు అడిగితే ఇస్తాను, మీరు అడిగితే ఇవ్వను" అన్నారు. ఇద్దరూ మంచివారే. ఒకరితో ఒకరు పది నిమిషాలు ఫోనులో మాట్లాడుకుని ఉంటే మా పని అయిపోయేది. వాడు జైల్లో 19 రోజులు ఉన్నాడు, మొదటి ఆరు రోజులూ మాత్రలు లేకుండానే. పదకొండేళ్ల చీటీలేమో ఇంట్లో బియ్యం డబ్బా మీద ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి.

మన విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి చోట, వాల్తేరు మానసిక వైద్యశాల లాంటి చోట ఒక లాయరు రోజూ కూర్చుంటే, డాక్టర్లు వారితో కలిసి పనిచేస్తే తప్పేముంది?

ఓపీ గది

నేను ప్రభుత్వ వైద్యుణ్ని. మీ తమ్ముడి డాక్టరు స్థానంలో ఉంటే నేనూ అదే మాట అనేవాణ్ని. కఠినంగా ఉందని తెలుసు.

ఓపీకి వచ్చేవారిలో జబ్బుతో వచ్చేవారు కొందరు, కాగితం కోసం వచ్చేవారు కొందరు. సెలవు కోసం, విడాకుల కోసం, వాయిదా తప్పించుకోవడం కోసం. పేరున్న మనిషిని అరెస్టు చేయగానే గుండెనొప్పి ఎందుకు వస్తుందో మన దగ్గర బడి పిల్లలు కూడా చెబుతారు. ఆ గుండెనొప్పులకు సంతకం పెట్టింది మావాళ్లే. ఇప్పుడు నిజమైన రోగి గురించి నేను నిజమే రాసినా, అది ఆ సంతకాల పక్కనే కూర్చుంటుంది.

ఇంకొకటి. వైద్యం చేసేవాడే సాక్షి కూడా అయితే రోగి నోరు కట్టుకుంటాడు. "మాత్ర వేసుకున్నావా?" అని నేను అడిగితే, రేపు కోర్టులో నేనేం చెబుతానో ఆలోచించుకుని జవాబిస్తాడు. ఆ రోజుతో నా వైద్యం అయిపోయినట్టే.

పూర్ణా మార్కెట్ వ్యాపారి

విరిగిన చేయి గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. డాక్టరు రోగి తరఫున, లాయరు రోగి తరఫున. దుకాణదారు తరఫున ఎవరు? పైగా ఇది మొదలైతే గంజాయితో దొరికిన ప్రతివాడూ మర్నాటికి రోగి అయిపోతాడు. ఏజెన్సీ నుంచి దిగే సరుకంతా మన ఊరి మీదుగానే పోతుందని అందరికీ తెలుసు.

మహారాణిపేట ప్లీడరు

వ్యాపారి గారి గంజాయి భయానికి ముందు జవాబు చెబుతాను, అది చిన్నది. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షను ఉంది. వాడకం కేసులోనో, తక్కువ పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. గంజాయికి తక్కువ పరిమాణమంటే కిలో వరకే. 20 కిలోలు దాటి మోసుకొచ్చినవాడిని ఏ డాక్టరు చీటీ కాపాడదు, వాడి బెయిలుకు 37వ సెక్షనే అడ్డం.

ఇక అక్క గారి విషయం. "పిచ్చి అని రాస్తే బెయిలు రాదు" అనే మాట మా బార్‌లో చాలా ఏళ్లుగా నడుస్తోంది. అది మా తప్పు, ఒప్పుకుంటాను. మూడు వేర్వేరు ప్రశ్నలను అందులో కలిపేశారు. నేరం చేసిన క్షణాన తానేం చేస్తున్నాడో మనిషికి తెలుసా? పాత శిక్షాస్మృతిలో అది 84వ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వది. ఇప్పుడు కోర్టులో తన తరఫున తాను చెప్పుకోగలడా? అది కేసు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 367వ సెక్షను నుంచి మొదలవుతుంది. బెయిలు మూడోది. దానికి ఈ రెండూ తేలేదాకా ఆగనక్కర్లేదు. మనిషి జబ్బుతో ఉన్నాడన్న సంగతినే మేజిస్ట్రేటు అదే సంహిత 480వ సెక్షను కింద లెక్కలోకి తీసుకోవచ్చు.

డాక్టరు గారు సర్టిఫికెట్ ఇవ్వనన్నారు కదా. సరే, ఇవ్వవద్దు. అక్క గారు అడగవలసింది సర్టిఫికెట్ కాదు, రికార్డు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షను ప్రకారం తన ప్రాథమిక వైద్య రికార్డులు చూసుకునే హక్కు రోగికి ఉంది. 1964లో దాహ్యాభాయి ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు, నేరం నాటి మానసిక స్థితిని దానికి ముందూ, ఆ సమయంలోనూ, తర్వాతా ఉన్న పరిస్థితులను బట్టే తేల్చాలని చెప్పింది. కాబట్టి అరెస్టయ్యాక రాయించుకున్న నాలుగు పేజీల సర్టిఫికెట్ కంటే, కోర్టు ఊసే లేని రోజుల్లో ఎవరో హౌస్ సర్జన్ హడావిడిగా రాసిన పాత ఓపీ చీటీకి నా దృష్టిలో విలువ ఎక్కువ. ఆ బియ్యం డబ్బా మీద ఉన్నదే మీ సాక్ష్యం.

ఓపీ గది

రికార్డు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. చీటీ మీద నేను రాసింది నాలుగేళ్ల తర్వాత కోర్టుకు వెళుతుందని తెలిస్తే కాస్త చదవగలిగేలా రాసేవాణ్ని. అయినా లాయరు నా పక్క కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకోను.

ఏయూ లా విద్యార్థిని

ఈ కుర్చీ ఆలోచన అమెరికాలో 1993 నుంచి ఉంది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్లు మొదలుపెట్టారు. ఇంట్లో చెమ్మ వల్ల ఉబ్బసం తగ్గని పిల్లలకు మందు మార్చి ప్రయోజనం లేదని, ఇంటి యజమానితో మాట్లాడే లాయరును తెచ్చుకున్నారు. అయితే అది ఇళ్ల గొడవలతో మొదలైంది, నేరాలతో కాదు.

నేరాల దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. రోగి లాయరుతో చెప్పింది సాక్ష్య అధినియమం 132వ సెక్షను కాపాడుతుంది. డాక్టరుతో చెప్పిన దానికి అలాంటి రక్షణ లేదు. 2017 చట్టం 23వ సెక్షను గోప్యత ఇస్తుంది కానీ కోర్టు ఆదేశిస్తే డాక్టరు చెప్పవలసిందే. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే, "ఆ రోజు కత్తి ఎందుకు తీసుకెళ్లావు?" అన్న ప్రశ్నకు జవాబు ఎవరి చెవిన పడింది? గదులు వేరుగా ఉండాలన్న డాక్టరు గారి మాట రోగికే మేలు.

మహారాణిపేట ప్లీడరు

భేష్ అమ్మా. గదులు వేరుగానే ఉండనివ్వండి, మధ్య తలుపు ఒకటి ఉంటే చాలు. అదే 2017 చట్టం 27వ సెక్షను ఆ తలుపు పెట్టింది. ఉచిత న్యాయసహాయం ఉందని మానసిక రోగికి చెప్పడం, ఎక్కడ దొరుకుతుందో వివరాలివ్వడం మేజిస్ట్రేటుకూ పోలీసుకూ ఎంత విధో, మానసిక వైద్యశాల బాధ్యత చూసే వైద్యుడికీ అంతే విధి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ, 15100 నంబరు. ఓపీ గోడ మీద ఆ నంబరు ఉందా డాక్టరు గారూ?

ఓపీ గది

లేదు.

కానీ చట్టమూ వైద్యమూ ఎప్పుడూ కలవలేదని అనకండి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు పురుగుమందు తాగినవాళ్లు వస్తే ప్రాణం నిలబడిందో లేదో తెలియకముందే ఇంటివాళ్లు "కేసు రాయకండి" అని కాళ్లు పట్టుకునేవారు. బతికి బయటపడితే పాత శిక్షాస్మృతి 309వ సెక్షను కింద ఆత్మహత్యాయత్నం కేసు ఉంటుందని భయం. 2017 చట్టం 115వ సెక్షను అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్షించకూడదంది. కొత్త సంహితలో ఆ 309 లేనే లేదు, ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యకు ప్రయత్నించడం తప్ప. ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) అని ఇప్పటికీ రాస్తాం. ఆ మాట వినగానే శాసనమండలి సభ్యుడెవరో వచ్చారనుకుని లేచి నిలబడే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

గాజువాక అక్క

ప్లీడరు గారూ, చాలా సంతోషం. బెయిలు చివరికి అలాగే వచ్చింది. న్యాయసేవాధికార సంస్థ లాయరు వచ్చి ఆ చీటీలే కోర్టులో పెట్టారు.

వ్యాపారి గారూ, మీరన్నది నాకు తగలకపోలేదు. అద్దానికి, ఆసుపత్రి ఖర్చుకు మేము డబ్బు కట్టాం. చేయి నొప్పి ఎవరు కడతారంటే నా దగ్గర జవాబు లేదు.

డాక్టరు గారిని ఒక్కటి అడగాలి. అరెస్టు చేశాక మేజిస్ట్రేటు దగ్గరకు తీసుకెళ్లే ముందు తమ్ముణ్ని ఒక ప్రభుత్వ డాక్టరు చూశారు. చొక్కా విప్పించి దెబ్బలు ఉన్నాయా అని చూసి, లేవని రాశారు. ఆయన దగ్గరా మీ దగ్గరా ఉన్నది ఒకే రకం కాగితమేనా? అందులో "ఏ మందులు వాడుతున్నావు?" అని రాయడానికి చోటు ఉంటుందా?

ఓపీ గది

సురక్షా సంహిత 53 కింద చేసే పరీక్ష అది. ముఖ్యంగా గాయాలే చూస్తాం, పోలీసులు కొట్టారన్న మాట తర్వాత రాకుండా. మందుల గురించి అడగకూడదని ఎక్కడా లేదు. నేను ఎప్పుడూ అడగలేదు.

పూర్ణా మార్కెట్ వ్యాపారి

అడిగితే అబద్ధం చెప్పడా?

ఓపీ గది

చెప్పవచ్చు. మందు పేరు, ఎక్కడ చూపించుకుంటున్నాడో రాసి పెడితే నిజమో కాదో తేల్చుకునే పని కోర్టుది. ఆ ఆరు రోజుల మాత్రలు మాత్రం ఆగేవి కావు. సోమవారం నాకు క్యాజువాలిటీ డ్యూటీ ఉంది.