జాధవ్ కేసు: ఇస్లామాబాద్‌లో మనం లాయర్ని పెట్టాల్సిందా, కాదా?

గోదారిగట్టు:
కుల్‌భూషణ్ జాధవ్‌కు పాకిస్తాన్ సైనిక కోర్టు ఉరిశిక్ష వేసింది 2017 ఏప్రిల్‌లో. ఇరాన్‌లో వ్యాపారం చేసుకుంటున్న మాజీ నేవీ అధికారిని ఎత్తుకెళ్లారని మనవాళ్లు, బలూచిస్తాన్‌లో దొరికిన గూఢచారి అని వాళ్లు. ఆ గొడవ ఇక్కడ వద్దు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు తర్వాత, శిక్షను మళ్లీ చూడమని అడగడానికి ఇస్లామాబాద్ హైకోర్టులో దారి తెరిచారు. మన ప్రభుత్వం లాయర్ని పెట్టలేదు. లోపలున్న మనిషికి దానివల్ల ఒరిగిందేంటి?

బెజవాడ_నల్లకోటు:
హేగ్‌లో 2019 జులై 17న 15-1 జడ్జిల ఓట్లతో గెలిచాం, హరీశ్ సాల్వే ఒక్క రూపాయి ఫీజుకు వాదించారు. జనానికి అంతవరకే గుర్తు. మనం అడిగింది శిక్ష రద్దు, విడుదల. ఆ రెండూ రాలేదు. పరాయి దేశంలో పట్టుబడ్డవాణ్ని వాళ్ల దేశపు అధికారులు కలిసే హక్కిచ్చే వియన్నా ఒడంబడిక 36వ అధికరణాన్ని ఉల్లంఘించారు, దౌత్యాధికారుల్ని కలవనివ్వండి, శిక్షను పునఃసమీక్షించండి, ఏ పద్ధతిలోనన్నది మీరే చూసుకోండి అంది కోర్టు. తాళంచెవి మళ్లీ వాళ్ల చేతికే పోయింది. అక్కడి లాయరే ఉండాలని వాళ్లంటే పెట్టాలి మరి. ముంబై దాడుల్లో పట్టుబడ్డ పాకిస్తానీ కసబ్‌కి మనం ఇచ్చింది మన లాయర్నే కదా?

నేవీకాలనీ_వైజాగ్:
కసబ్‌తో పోలికేంటండీ! అతని విచారణ విలేకర్ల కళ్లముందు మొదలై సుప్రీంకోర్టు దాకా నడిచింది. జాధవ్‌ది తలుపులు మూసి నడిపిన కోర్ట్ మార్షల్. 2017 డిసెంబర్ 25న తల్లీ భార్యా వెళ్తే మంగళసూత్రం తీయించి, అద్దం గోడకి ఇవతల కూర్చోబెట్టారు. తల్లిని మరాఠీలో మాట్లాడనివ్వలేదు. 2020లో మన అధికారులు వెళ్తే పక్కనే వాళ్ల మనుషులు. కేసు కాగితాలివ్వరు, ఏకాంతంగా మాట్లాడనివ్వరు. లాయరు ఏం వాదిస్తాడు, గాలినా?

గోదారిగట్టు:
కాగితాలివ్వమని అడగాల్సిందీ ఆ కోర్టులోనే కదా. కాదంటే ఆ మాట రికార్డుకెక్కుతుంది. రేపు మళ్లీ హేగ్‌కి వెళ్తే చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా.

సిక్కోలోడు:
లాయర్లూ గీయర్లూ వదిలేయండి. మావైపు మత్స్యకారులు 2018లో గుజరాత్ దగ్గర సముద్రంలో పాకిస్తానోళ్లకి పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దాటొచ్చారు. ఏ తీర్పు తెచ్చింది వాళ్లని? ఖతార్‌లో ఉరిశిక్ష పడిన మాజీ నేవీవాళ్లు ఎనిమిది మంది, అందులో మన విశాఖాయన ఒకరు, 2024 ఫిబ్రవరిలో బయటపడ్డారు. పైనోళ్లు పైనోళ్లు మాట్లాడుకుంటేనే పని.

బెజవాడ_నల్లకోటు:
తమ్ముడూ, ఖతార్‌లో 2023 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు ఉరిని జైలుశిక్షగా తగ్గించాకే విడుదల. ఆ రోజు మన రాయబారి కోర్టులోనే ఉన్నారు. కోర్టూ నడిచింది, మాటలూ నడిచాయి.

నేవీకాలనీ_వైజాగ్:
ఖతార్ మనకి గ్యాస్ అమ్ముకుంటుంది, మన మాట కావాలి. పాకిస్తాన్‌కి మనతో ఏం అవసరం? అక్కడే ఉరిశిక్ష పడిన మనవాడు సరబ్జీత్ సింగ్ కోర్టులన్నీ తిరిగి, క్షమాభిక్షా అడిగాడు. 2013లో లాహోర్ జైల్లో తోటి ఖైదీలు కొట్టి చంపారు.

గోదారిగట్టు:
సరబ్జీత్ పేరు మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. జైల్లో అలా జరగొచ్చని తెలిసీ ఖాళీగా కూర్చుందామా? 2021లో వాళ్ల పార్లమెంటు చేసిన సమీక్ష చట్టం లోపాలమయం అని మన విదేశాంగ శాఖే అంది. ఆ లోపాలు ఆ కోర్టులోనే ఎత్తి చూపితే మనకి పోయేదేంటో చెప్పండి. పరువంటారా? ఉరిశిక్ష మన పరువు మీద లేదు, ఆయన మీద ఉంది.