"స్పాలింగ్"కు తెలుగు మాట: పెచ్చూడటం అనవచ్చా?

ప్రశ్న: మిత్రులారా, రాయిని దెబ్బ కొట్టి పరీక్షించే పద్ధతుల మీద విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాను. "స్పాలింగ్" దగ్గర కలం ఆగింది. ఉక్కు కడ్డీ చివర పొడవాటి గ్రానైట్ కడ్డీ ఆనించి, ఉక్కును అవతలి కొసన కొడతారు. నొక్కుడు తరంగం రాతి గుండా వెళ్లి, ఏ ఆనుడూ లేని కొసను తాకి, లాగుడు తరంగమై వెనక్కి మళ్లుతుంది. నొక్కితే ఎంతో ఓర్చుకునే రాయి, లాగితే దాదాపు అందులో పదో వంతుకే లొంగిపోతుంది. అందుకే దెబ్బ పడిన వైపున కాక, ఆ రెండో కొసన ముక్క ఊడుతుంది. ఇదే స్పాలింగ్. "విశకలనం" అని రాసుకున్నాను. మర్నాడు చదివితే నాకే అర్థం కాలేదు.

– "పెచ్చు" ఉండగా సంస్కృతం ఎందుకండీ? గోడ పెచ్చులూడింది అంటాం కదా.

– గోడకు చెమ్మ, తుప్పు కారణం. ఏళ్లు పడుతుంది. ఇది సెకనులో వెయ్యో వంతు కూడా పట్టని పని. రెంటికీ ఒకే మాటా?

– లోపలి కమ్మి తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును తోసేసినా ఇంగ్లీషువారు స్పాలింగే అంటారండీ. వాళ్లకు లేని పట్టింపు మనకెందుకు?

– పెచ్చు బాగుంది. నా తగువు "ఫ్రాక్చర్"తో. అన్ని చోట్లా "పగులు" అని రాస్తే మన క్రియలన్నీ వృథా. గీత పడి ముక్క విడకపోతే బీటవారడం. గ్రానైట్ బిళ్లను అంచు మీద నిలబెట్టి మెల్లగా నొక్కితే నిలువునా రెండుగా చీలుతుంది. అలాంటి బిళ్లనే, 1949లో కోల్‌స్కీ అనే శాస్త్రవేత్త చూపిన పద్ధతిలో, రెండు ఉక్కు కడ్డీల నడుమ పెట్టి గట్టిగా కొడితే తునాతునకలు. నెమ్మదిగా నొక్కినప్పుడు రాతిలో ముందే ఉన్న సన్న బీటల్లో బలహీనమైన ఒక్కటే పాకి పని ముగిస్తుంది. వేగంగా కొడితే అది పాకేలోపే మిగతావీ నోరు తెరుస్తాయి. వేగం మారితే క్రియ మారాల్సిందే. ("బద్దలు" మాత్రం వెదురుకే వదిలేద్దాం.)

ప్రశ్న అడిగినవారు: ఒప్పుకున్నాను మాస్టారూ. కంప్యూటర్ అనుకరణలో ఇంకో చిక్కుంది. రాయిని గడులుగా విడగొట్టే పద్ధతిలో, ఓర్పు దాటిన గడిని చాలాసార్లు లెక్కలోంచి తీసేస్తారు. అది ఊడదు, మాయమవుతుంది. 1979లో కుండాల్, స్ట్రాక్ అనే పరిశోధకులు ప్రచురించిన గుళికల పద్ధతి పదార్థాన్ని విడివిడి గుళికల గుంపుగా చూస్తుంది; ఆ గుళికల మధ్య తర్వాత అతుకులు చేర్చారు. అక్కడ అతుకు తెగినా గుళిక మిగులుతుంది. కాబట్టి గుళికల పద్ధతికి "పెచ్చూడటం", గడుల పద్ధతికి "గడి తీసివేత" అని రాస్తున్నాను. రెండో మాటకు ఇంతకంటే మంచిది తోస్తే చెప్పండి.