కొండమీది ఊళ్లను రోడ్డు పక్కకి దించేయొచ్చు కదా?

మర్రిపాలెం కుర్రాడు:
మళ్లీ డోలీ మోత వార్త, రోడ్డు లేక మనిషిని కర్రకు కట్టిన డోలీలో ఆస్పత్రికి మోసుకెళ్లారట. అరకు దగ్గర అనంతగిరి కొండల్లో పదేసి ఇళ్ల ఊళ్లకు ఒక్కోదానికీ రోడ్డు వేయడం అయ్యే పనేనా? కింద రోడ్డు పక్కనే ఇళ్లు కట్టిస్తే పోతుంది కదా. అసలు అంత ఎత్తుకి ఎవరు ఎక్కమన్నారు?

గెడ్డ ఒడ్డు:
ఎవరూ ఎక్కమనలేదు తమ్ముడూ. ఊట ఉన్నచోట ఆగారు. పాడేరు, అరకు వైపు ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. కొత్త ఊరు కనిపిస్తే ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూసేవాణ్ని. కొండవాలులో ఊట, దానికి కాస్త దిగువన ఇళ్లు. ఇళ్ల కింద గెడ్డ (కొండవాగు) దాకా మెట్లు మెట్లుగా వరి మడులు. పైన పోడు, ఇప్పుడైతే కాఫీ, మిరియాలు. లోయ అడుగున ఉన్న ఆ కాస్త చదునులో ఇల్లు కట్టుకుంటే వరి ఎక్కడ పండిస్తారు? పైగా వానాకాలం గెడ్డ పొంగితే ముందు మునిగేది ఆ పల్లమే. నువ్వు చెప్పే రోడ్డు పక్క స్థలం చాలాచోట్ల ఎవరిదో మడి.

సీతమ్మధార పిన్ని:
మరి అరకు సంగతేంటి బాబూ? 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన విశాఖ పోర్టుకి తేవడానికి. 58 సొరంగాలు తవ్వి, సిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి రైలెక్కించారు. ఖనిజం కోసం వచ్చిన రైలే అయినా అరకు స్టేషన్ చుట్టూ ఊరు పెరిగింది. అంతా నేలే నిర్ణయిస్తుందంటే నేనొప్పుకోను.

గెడ్డ ఒడ్డు:
నిజమేనమ్మా. అయితే నేను చూసినంతలో అక్కడ చేరినవాళ్లు ఎక్కువగా వ్యాపారానికో ఉద్యోగానికో వచ్చినవాళ్లు. కొండమీదివాళ్లు సంతరోజు దిగి, చీకటి పడేలోపు ఎక్కిపోయేవారు.

మర్రిపాలెం కుర్రాడు:
అంతా బాగుంది మాస్టారూ, పురిటి నొప్పులొస్తే? ఊట చూసుకుంటూ కూర్చోవాలా?

గెడ్డ ఒడ్డు:
నీ కోపం న్యాయమే. నేనూ ఒకసారి డోలీకి భుజం పట్టాను, వానలో. జీపు వెళ్లే దారి వేయాలి, నెలలు నిండకముందే గర్భిణులను కింద ఆస్పత్రి దగ్గర ఉంచాలి. దించడం మాత్రం చూశాను. నేనున్నప్పుడే ఒకచోట పాతిక ఇళ్ల కాలనీ కట్టారు. వేసవికి బోరు ఎండింది. మేకలు కట్టడానికి చోటు లేదు, పొలానికి గంటన్నర ఎక్కుడు. రెండేళ్లలో సగం మంది పైకెళ్లి మళ్లీ పాకలు వేసుకున్నారు.

మర్రిపాలెం కుర్రాడు:
మరి ఆ కాలనీ ఇళ్లు?

గెడ్డ ఒడ్డు:
డాబాలు కదా, కాఫీ పిక్కలు ఆరబోసుకుంటున్నారు.