లండన్‌లో నాలుగు రోజులు: ఏ మ్యూజియాలు చూడాలి, ఏవి వదిలెయ్యాలి?

అనంతపురం నుంచి

మే నెలలో లండన్ పోతున్నాం, మా చెల్లెలు అక్కడే ఉంటోంది. చేతిలో నాలుగు రోజులే. నాతోపాటు మా అమ్మ (మోకాళ్ల నొప్పులు, అరగంట నడిస్తే కూర్చోవాలి), పదకొండేళ్ల పాప. చెల్లెలు పంపిన లిస్టులో తొమ్మిది మ్యూజియాలున్నాయి. అన్నీ తిరిగితే అమ్మ మంచం పడుతుంది, వదిలేస్తే ఇంత ఖర్చు పెట్టుకుని పోయి చూడలేదే అని బాధ, దీంతోనే టెన్షన్. పాపకు డైనోసార్లంటే ప్రాణం, అమ్మకు శిల్పాలు, చీరలు, నాకు చరిత్ర. కోహినూరు కోసం టవర్ ఆఫ్ లండన్ కోటకు టికెట్ కొనాలా? చూసొచ్చినవాళ్లు చెప్పండి.

కర్నూలు వాసి

అన్నా, ఆ లిస్టు పక్కన పెట్టెయ్. మేము ఒకే రోజు నాలుగు తిరిగాం, సాయంత్రానికి ఎక్కడ ఏం చూశామో ఎవరికీ గుర్తులేదు. రోజుకు ఒకటే పెట్టుకో.

మొదటిది బ్రిటిష్ మ్యూజియం, అందులోనూ ముందు అమరావతి గది, 33ఎ. మన కృష్ణ ఒడ్డున ఉన్న స్తూపం నుంచి 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్ వెళ్లి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. గాజు గోడల వెనక పల్నాటి సున్నపురాయి ఫలకాలు కనబడగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక ఫలకాన్నైతే రెండువైపులా చెక్కారు. పాతవైపు బుద్ధుడి రూపమే ఉండదు, బోధి చెట్టు, ఖాళీ ఆసనం మాత్రమే. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు. పాపకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లు, తనే వెతుకుతుంది. అక్కడ గదులు అప్పుడప్పుడు మూసి ఉంటాయి, లోపలికి పోగానే అడుగు. అమ్మకు చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, మొహమాటపడొద్దు. ఎంట్రీ కూడా ఉచితమే, కానీ ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకుంటే క్యూ తగ్గుతుంది.

గుత్తి నుంచి

పైన చెప్పినదాంట్లో ఒక్కటి ఒప్పుకోను. పిల్లను మొదటిరోజే శిల్పాల దగ్గరికి తీసుకెళ్తే మిగతా మూడు రోజులూ సతాయిస్తుంది. ముందు నేచురల్ హిస్టరీ మ్యూజియం పెట్టుకోండి. హాల్లోకి అడుగుపెట్టగానే తలపైన ఇరవై అయిదు మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం, లోపల కదిలే టీ-రెక్స్ డైనోసార్ బొమ్మ. తెరిచే వేళకే పోవాలి. మే చివరి వారంలో అక్కడి బడులకు సెలవులు, ఆ వారం తప్పించుకోగలిగితే మంచిది.

రోడ్డు దాటితే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. పాప డైనోసార్ల దగ్గర ఉంటే, అమ్మ మీ చెల్లెలితో అక్కడికి పోయి బట్టలు చూస్తుంది, మన కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో పోయిన అద్దకం బట్టలు కూడా వాళ్ల దగ్గర ఉన్నాయి. టిప్పు సుల్తాన్ పులి బొమ్మ కూడా ఈ మ్యూజియానిదే, 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఇంగ్లీషువాళ్లు తీసుకెళ్లింది. మా గుత్తి కోట టిప్పు తండ్రి హైదర్ అలీ చేతికి పోయిందని చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లం, ఆ పులి మాకు పరాయిదిగా అనిపించదు. అక్కడా గ్యాలరీలు మరమ్మతులకు మూస్తుంటారు, వెబ్‌సైట్ చూసుకుని పోండి. శుక్రవారమైతే రాత్రి పదింటి దాకా ఉంటుంది. స్టేషన్లో మెట్లు ఎక్కువ, అమ్మగారికి బస్సే మేలు.

కడప నుంచి

మ్యూజియం కాదు కానీ చరిత్ర అన్నారు కదా. సి.పి. బ్రౌన్ 1884లో లండన్‌లోనే పోయాడు, సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. కడపలో బంగళా కొని పండితులను పెట్టి వేమన పద్యాలు, కావ్యాలు సేకరించి శుద్ధప్రతులు రాయించిన మనిషి. ఒక పూట ఖాళీ దొరికితే నాలుగు పూలు తీసుకెళ్లండి. చాలా పెద్ద శ్మశానం, ఆఫీసులో అడిగి పోండి, అమ్మను నడిపించొద్దు.

అనంతపురం నుంచి

అందరికీ చాలా థ్యాంక్స్. మొదటిరోజు డైనోసార్లు, చీరలు. రెండోరోజు అమరావతి. మూడోరోజు అమ్మకు విశ్రాంతి, నేను బ్రౌన్ దగ్గరికి. టవర్ సంగతి ఎవరూ చెప్పలేదు?

కర్నూలు వాసి

టవర్‌కు టికెట్ ఖరీదెక్కువ, పాత కోట కాబట్టి మెట్లూ ఎక్కువే. కోహినూరు మన కొల్లూరు గనుల్లోదే అంటారు కాబట్టి చూడాలనే ఉంటుంది, కానీ కిరీటాల ముందు కదిలే బెల్టు మీద నిలబడి దాటిపోవడమే, ఎక్కువసేపు ఆగలేం. పాప అడిగితే నాలుగోరోజు మీరిద్దరే పోండి, అమ్మను చెల్లెలింట్లోనే ఉండనీ.